వంద లీటర్ల తొట్టి

ఆరింటి షిఫ్టుకి నేను ఐదున్నరకే యూనిట్‌కి చేరుకుంటాను. రోగుల కోసం కాదు, నీళ్ళ కోసం. ఆర్.ఓ. ప్లాంటు ఆన్ చేసి, క్లోరిన్ మిగిలిందేమో పరీక్ష చేసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాకే ఎవరినైనా మిషన్ ఎక్కించేది. ఒక్క మనిషికి నాలుగు గంటల డయాలసిస్ అంటే నిమిషానికి అర లీటరు చొప్పున 120 లీటర్ల ద్రావణం పోతుంది. 1943లో హాలెండ్‌లోని కాంపెన్ అనే చిన్న ఊళ్ళో ఒక డాక్టరు తన మొదటి మిషన్ కింద పెట్టిన ఎనామిల్ తొట్టిలో పట్టింది 100 లీటర్లు. ఈ సంగతి చదివిన రోజున ఆర్.ఓ. ప్లాంటు పక్కన స్టూలు మీద కాసేపు కూర్చుండిపోయాను. మిగతాదంతా మారిపోయింది. నీళ్ళ లెక్క మాత్రం దాదాపు అక్కడే ఉంది.

నేను శ్రీకాకుళం జిల్లాలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఈ పనిలోకి వచ్చి పదహారేళ్ళు దాటింది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఉద్దానం మనుషులు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసి బతికినవాళ్ళు. వాళ్ళ కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. వారానికి రెండుసార్లో మూడుసార్లో వచ్చి, నాలుగు గంటలు పడుకుని, రక్తం కడిగించుకుని వెళ్తారు. ఒకరోజు మందస వైపు నుంచి వచ్చే ఒక మామ్మ, "ఎవులు కట్టారు బాబూ ఈ మిషను?" అని అడిగింది. మిషన్ మీదున్న కంపెనీ పేరు చదివి చెప్పాను. "అది అమ్మినోడి పేరు గదా" అంది. రాత్రి డ్యూటీల్లో చదవడం అప్పటినుంచి మొదలైంది.

ముందొక మాట. ఆసుపత్రుల్లో 'బయోమెడికల్' అంటే మిషన్ పాడైనప్పుడు ఫోన్ చేస్తే సంచీలో స్క్రూడ్రైవర్లు వేసుకుని వచ్చే కుర్రాడు. ఆ కుర్రాడి మీద నాకు గౌరవం ఉంది. అతను రాని రోజున మేం ఎందుకూ పనికిరాం. కానీ ఆ మాట చాలా పెద్దది. ఒంట్లో ఏదో ఒక అవయవం చేసే పనిని బయట ఒక యంత్రం చేత చేయించడం, గుండె కొట్టుకోవడాన్నీ ఎముక మోసే బరువునీ ఇంజనీరు కంటితో చూడటం, అదంతా బయోమెడికల్ ఇంజనీరింగే. ఆ రంగంలో అందరూ పెద్దదిక్కుగా చెప్పుకునే విల్లెమ్ యోహాన్ కోల్ఫ్ దగ్గర ఇంజనీరింగ్ పట్టా లేదు. ఆయన చదివింది వైద్యం.

1911 ఫిబ్రవరి 14న లైడెన్‌లో పుట్టాడు. తండ్రి క్షయరోగుల శానిటోరియం నడిపేవాడు. రోగి పోతే ఆ తండ్రి పడే బాధ ఇంట్లో అందరికీ తెలిసేది. అందుకే కొడుకు డాక్టరునవ్వనన్నాడు, మనుషులు చచ్చిపోవడం చూడలేనన్నాడు. జంతు ప్రదర్శనశాలకి డైరెక్టర్ అవుతాడట. దేశం మొత్తం మీద జూలు మూడే, ఉద్యోగాలూ మూడే అని తండ్రి లెక్క చెప్పాక వైద్యానికి ఒప్పుకున్నాడు. అక్షరాలు తికమకపడే డిస్లెక్సియా ఉంది. దానికి పేరు పెట్టి ఊరుకోబెట్టేవాళ్ళు ఆ రోజుల్లో లేరు కాబట్టి బడిలో మాటలు పడ్డాడు. శనివారాలు మధ్యాహ్నం పూట మాత్రం ఒక వడ్రంగి దగ్గర పని నేర్చుకునేవాడు. నా మటుకు నాకు, ఆయన జీవితచరిత్రలో లైడెన్ పట్టా కన్నా ఆ వడ్రంగి పాఠాలే ముఖ్యం.

1938లో గ్రోనింగెన్ ఆసుపత్రిలో చిన్న డాక్టరుగా చేరాడు. ఆయనకిచ్చింది నాలుగు మంచాలు. వాటిలో ఒకదాని మీద యాన్ బ్రూనింగ్ అనే 22 ఏళ్ళ రైతు కొడుకు. కిడ్నీలు పోయాయి. వాంతులు, చూపు తగ్గడం, ఒళ్ళంతా విషం. నల్ల గౌనూ తెల్ల టోపీ వేసుకుని వచ్చిన తల్లికి, ఉన్న ఒక్క కొడుకూ దక్కడని చెప్పవలసింది కోల్ఫే. మాకు ఆ తల్లి బాగా తెలుసు. గౌను బదులు చీర, అంతే.

కుర్రాడు పోయాక కోల్ఫ్ ఒక లెక్క వేసుకున్నాడు. ఒంట్లో రోజూ తయారయ్యే యూరియా 20 గ్రాముల చిల్లర. ఆ మాత్రం రోజూ బయటికి తీయగలిగితే ఈ కుర్రాడు బతికుండేవాడు కదా? కిడ్నీ గురించి లావుపాటి పుస్తకాలు ఉన్నాయి. ఆయన మాత్రం దాన్ని రోజుకి 20 గ్రాములు ఎత్తిపోసే పనిగా చూశాడు. డాక్టరు ఇంజనీరుగా మారింది ఇక్కడే అని నేననుకుంటాను.

బ్రింక్‌మన్ అనే ప్రొఫెసర్ ఆయనకి సెల్లోఫేన్ గొట్టాన్ని పరిచయం చేశాడు. అది ఆసుపత్రి సామాను కాదు. సాసేజ్ అని అక్కడివాళ్ళు తినే మాంసపు చుట్టలకి పైన తొడుగుగా వాడే పల్చని గొట్టం. అందులో కొంచెం రక్తం పోసి, దానికి యూరియా కలిపి, ఉప్పునీళ్ళలో వేసి ఊపితే, కాసేపట్లోనే యూరియా దాదాపు అంతా నీళ్ళలోకి వచ్చేసింది. రక్తకణాలు, ప్రోటీన్లు లోపలే ఉండిపోయాయి. ఇందులో మాయ ఏమీ లేదు. ఉప్పుచేపని నీళ్ళలో నానబెడితే ఉప్పు దిగిపోతుంది, చేప చేపలాగే ఉంటుంది. మా రోగులకి నేను ఇలాగే చెబుతాను. ఒంటికి కావలసిన లవణాలు కూడా దిగిపోకుండా, వాటిని ముందే తగుపాళ్ళలో నీళ్ళలో కలిపి పెడతాం. అందుకే దాన్ని నీళ్ళు అనకుండా ద్రావణం అంటాం.

ఆయనకన్నా ముందు ఈ దారిన నడిచినవాళ్ళు ఉన్నారు. 1913లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్ ఏబెల్ కుక్కల మీద చేసి చూశాడు. రక్తం గడ్డకట్టకుండా జలగల నోటి నుంచి తీసిన పదార్థం వాడాడు. 1924లో జర్మనీలో గేయోర్గ్ హాస్ మనిషి మీదే చేశాడు. ఇద్దరికీ సరైన పొర దొరకలేదు, గడ్డకట్టకుండా ఆపే నమ్మకమైన మందూ లేదు. కోల్ఫ్ నాటికి సెల్లోఫేన్ ఉంది, హెపారిన్ అనే ఆ మందూ ఉంది. ఆయన కొత్తగా కనిపెట్టింది తక్కువ, ఉన్నవాటిని ఒకచోటికి చేర్చింది ఎక్కువ. ఇది తక్కువ చేసి అనడం లేదు.

హెపారిన్ అంటే ఏమిటో నాకు తెలిసింది ఒక తప్పు వల్ల. చేరిన కొత్తలో, అప్పట్లో వేరే ఊళ్ళో వేరే ఆసుపత్రిలో, హెపారిన్ పంపు ఆన్ చేయడం మరిచిపోయాను. రెండో గంటకి రక్తం కడిగే డయలైజర్ నల్లబడింది. గడ్డకట్టిన రక్తాన్ని వెనక్కి ఎక్కించలేం. ఒక కొబ్బరిచెట్లెక్కే మనిషి ఒంట్లోంచి పావు లీటరు దాకా రక్తం చెత్తబుట్టలోకి పోయింది. "పర్లేదు బాబూ" అన్నాడాయన. తిడితే బాగుండేది.

1940 మే 10న జర్మన్ సేనలు హాలెండ్ మీద పడ్డాయి. ఆ పూట కోల్ఫ్ భార్య తరఫు తాతగారి అంత్యక్రియలకి హేగ్ నగరంలో ఉన్నాడు. విమానాలు బాంబులు వేస్తుంటే, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళి, మీకు బ్లడ్ బ్యాంకు కావాలా అని అడిగాడు. కావాలన్నారు. కారు, పక్కన ఒక సైనికుడు, వీధుల్లో తుపాకుల మోత. సీసాలూ గొట్టాలూ సూదులూ కొనుక్కొచ్చి నాలుగు రోజుల్లో నిలబెట్టాడు. యూరప్ ప్రధాన భూభాగంలో తొలి బ్లడ్ బ్యాంకుల్లో అదొకటి. ఆ నాలుగో రోజుకల్లా దేశం లొంగిపోయింది. గ్రోనింగెన్‌లో ఆయన గురువు పోలాక్ డానియల్స్ యూదుడు. భార్యతో కలిసి ప్రాణం తీసుకున్నాడు. ఆ కుర్చీలోకి నాజీల మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు. వాడి కింద పనిచేయనని కోల్ఫ్ ఐసెల్ నది ఒడ్డున ఉన్న కాంపెన్‌కి, ఒక చిన్న ఊరి ఆసుపత్రికి వచ్చేశాడు.

పెద్ద విశ్వవిద్యాలయంలో ఉండి ఉంటే ఆ మిషన్ తయారయ్యేది కాదేమో. కాంపెన్‌లో ఎనామిల్ గిన్నెలు చేసే ఫ్యాక్టరీ ఉంది. దాని యజమాని హెండ్రిక్ బెర్క్. యుద్ధకాలంలో లోహం దొరకడమే కష్టం, జర్మన్ల కళ్ళు కప్పి చేయాలి. బెర్క్ తొట్టి చేయించాడు. చెక్క పట్టీలతో అడ్డంగా తిరిగే డ్రమ్ము తయారైంది. దాని చుట్టూ పొడవాటి సెల్లోఫేన్ గొట్టాన్ని నూలు చుట్టినట్టు చుట్టారు. నూలు వడికే పొందూరు వైపువాళ్ళకి ఈ మాట చాలు. డ్రమ్ము అడుగుభాగం ద్రావణంలో మునిగి ఉంటుంది. అది తిరుగుతుంటే గొట్టంలోని రక్తం ఎప్పటికప్పుడు కిందికి జారుతూ, చుట్టు నుంచి చుట్టుకి ముందుకు సాగుతుంది.

ఇక అసలు చిక్కు. మనిషి కదలకుండా పడుకున్నాడు, డ్రమ్ము తిరుగుతోంది. రెంటినీ కలిపే గొట్టం మెలిపడిపోకుండా, రక్తం కారకుండా ఎలా? దానికి జవాబు ఫోర్డ్ కారు వాటర్ పంపులో దొరికింది. తిరిగే ఇరుసు దగ్గర నీళ్ళు కారకుండా ఆపే బిగింపు ఉంటుంది అందులో. ఆ కీలునే తెచ్చి రక్తానికి పెట్టాడు. బండి మెకానిక్కులకి ఈ కథ చెబితే డాక్టర్లకన్నా ముందు అర్థమవుతుంది. నేను చెప్పి చూశాను.

1944లో ఈ యంత్రం గురించి మొదటిసారి ఇంగ్లీషులో స్వీడన్ వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. రచయితల పేర్లలో మొదట కోల్ఫ్, ఆ వెంటనే బెర్క్. గిన్నెల ఫ్యాక్టరీ యజమాని పేరు వైద్య పత్రికలో, డాక్టరు పక్కన. కోల్ఫ్ సన్మానాల జాబితా ఎంత పొడవున్నా, నన్ను ఎక్కువగా ఆపేది ఈ ఒక్క వరుసే.

మొదటి రోగిని 1943 మార్చి 17న మిషన్‌కి కలిపాడు. ఇళ్ళల్లో పనిచేసే 29 ఏళ్ళ స్త్రీ. ప్రతిసారీ కొంచెం తేరుకునేది. 12 సార్లు చేశాడు, 26 రోజులు బతికింది. ఆమెను పోగొట్టింది మిషన్ కాదు. ప్రతిసారీ రక్తనాళాన్ని కోసి గొట్టం పెట్టాలి, ఆ నాళం మళ్ళీ పనికిరాదు. పన్నెండో సారికి పెట్టడానికి చోటు మిగల్లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మొదటి 16 మందిలో 15 మంది చనిపోయారు. బతికిన ఒక్కరూ మిషన్ వల్లే బతికారని కోల్ఫ్ గట్టిగా అనలేకపోయాడు. రెండున్నరేళ్ళు ఇలా! గొట్టాలు చిరిగి తొట్టంతా ఎర్రనురుగు తేలిన రోజులున్నాయి. వరసగా ముగ్గురు రోగులు పోతేనే మాకు యూనిట్‌లోకి అడుగు పెట్టబుద్ధి కాదు. మరోపక్క కోల్ఫ్, నాజీలు పట్టుకుపోకుండా మనుషుల్ని రోగులుగా చూపించి ఆసుపత్రిలో దాచేవాడు.

1945 సెప్టెంబరు 11న పదిహేడో రోగి వచ్చింది. సోఫియా షాఫ్‌స్టాట్, 67 ఏళ్ళు. జర్మన్లతో చేతులు కలిపినందుకు ఖైదులో ఉంది, స్పృహ లేదు. ఈమెనా బతికించేది అని ఊళ్ళో చాలామందికి మంట. కోల్ఫ్ 11 గంటలకు పైగా మిషన్ నడిపాడు. ఆమె కళ్ళు తెరిచి చెప్పిన మొదటి సంగతి, మొగుడికి విడాకులిస్తానని. ఇచ్చింది కూడా. ఆ తర్వాత ఏళ్ళ తరబడి బతికింది, చివరికి వేరే జబ్బుతో పోయింది. కృత్రిమ కిడ్నీ వల్ల నిలబడిన తొలి ప్రాణం ఊరంతా ద్వేషించినావిడది. చరిత్రకి కాస్త వేళాకోళం ఉంది.

మరుసటి ఏడాది ఇదే విషయం మీద గ్రోనింగెన్‌లో డాక్టరేటు తీసుకున్నాడు. యంత్రానికి పేటెంటు మాత్రం తీసుకోలేదు. తయారైన మిషన్లని లండన్‌కి, న్యూయార్క్‌కి, మాంట్రియల్‌కి ఊరికే పంపేశాడు. బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రివాళ్ళకి నమూనా చిత్రాలిచ్చాడు. వాళ్ళు దాన్ని స్టీలుతో మెరుగుపరిచారు, కొరియా యుద్ధంలో సైనికులకి ఆ రకం మిషన్లే పనిచేశాయి.

1950లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌కి మారాడు. అక్కడా ఇదే చేతిపని. బ్రూనో వాట్‌షింగర్ అనే యువ డాక్టరుతో కలిసి పళ్ళరసం డబ్బా చుట్టూ, దోమల జాలీ మధ్యన పెట్టి గొట్టాన్ని చుట్టి, వాడి పారేయగలిగే డయలైజర్ చేశాడు. 1956 నుంచి అది కంపెనీ సరుకైంది. కాంపెన్ రోజుల్లోనే ఆయన కంట్లో పడ్డ ఇంకో సంగతి ఉంది: గొట్టంలోకి నల్లగా వెళ్ళిన రక్తం ఎర్రగా బయటికొచ్చేది. అంటే ఆ పొర గుండా ఆక్సిజన్ కూడా పోతోందన్నమాట. అందులోంచి గుండె ఆపరేషన్ల సమయంలో ఊపిరితిత్తుల పని చేసే యంత్రం పుట్టింది. 1957లో టెట్సుజో అకుట్సుతో కలిసి ఒక కుక్కకి కృత్రిమ గుండె పెడితే గంటన్నర బతికింది. బలహీనపడ్డ గుండెకి సాయంగా మహాధమనిలో ఉబ్బుతూ తగ్గుతూ ఉండే బెలూన్ పంపు గురించి 1962లో రాసిన వ్యాసంలో మౌలోపౌలోస్, టోపాజ్‌ల పక్కన ఆయన పేరుంది. ఇవాళ్టికీ పెద్దాసుపత్రుల ఐసీయూల్లో అది కనిపిస్తుంది.

1967లో యూటా విశ్వవిద్యాలయానికి వెళ్ళి కృత్రిమ అవయవాలకి ఒక కర్మాగారం లాంటిదే పెట్టాడు. చెయ్యి, కన్ను, చెవి, గుండె, అన్నిటి మీదా మనుషుల్ని పెట్టాడు. ఆయనకొక పద్ధతి ఉండేది: గుండె నమూనా మీద ఎవరు పనిచేస్తుంటే దానికి వాళ్ళ పేరు. అలా వచ్చిందే రాబర్ట్ జార్విక్ పేరుతో 'జార్విక్-7'. 1982 డిసెంబరు 2న డాక్టర్ విలియం డెవ్రీస్ దాన్ని బార్నీ క్లార్క్ అనే 61 ఏళ్ళ పళ్ళ డాక్టరుకి పెట్టాడు. మంచం పక్కన బండెడు యంత్రానికి గొట్టాలతో కట్టేసి ఉన్న మనిషి 112 రోజులు బతికాడు. ఫిట్లు, రక్తస్రావాలు, ఇన్‌ఫెక్షన్లు. ప్రపంచమంతా పత్రికల్లో చూసింది. దాన్ని విజయం అనడానికి నాకు నోరు రాదు. అయితే దాని వంశంలో వచ్చిన గుండెలు తర్వాత ఎందరినో, దాత గుండె దొరికేవరకూ నిలబెట్టాయి. కోల్ఫ్ పేరు పెట్టుకోని ఆ గుండె వల్ల లోకానికి గుర్తున్నది జార్విక్ ఒక్కడే.

ఇక సన్మానాలు. డజనుకి పైగా గౌరవ డాక్టరేట్లు, వందకు మించిన అవార్డులు. అన్నీ చెబితే పెళ్ళి చదివింపుల పట్టీలా ఉంటుంది. 1972లో ఇజ్రాయెల్ వారి హార్వే ప్రైజు, 1985లో అమెరికా ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు, 1986లో జపాన్ ప్రైజు. నోబెల్ రాలేదు. 2003లో, 92 ఏళ్ళ వయసులో, అమెరికా నేషనల్ అకాడెమీ ఆఫ్ ఇంజనీరింగ్ తరఫున రస్ ప్రైజు వచ్చింది: 5 లక్షల డాలర్లు. అంతకుముందు 2001లో అది దక్కింది పేస్‌మేకర్లు చేసిన ఎర్ల్ బాకెన్‌కి, విల్సన్ గ్రేట్‌బాచ్‌కి. ఇంజనీర్లు ఇంజనీరు అని ఒప్పుకుని ఇచ్చిన బహుమతి అది. వడ్రంగి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి సరిగ్గా అతికిన సన్మానం అదేనని నా అభిప్రాయం.

ఒక్కటి మిగిలింది. 2002లో లాస్కర్ అవార్డు. దాన్ని కోల్ఫ్‌కి ఒక్కడికే ఇవ్వలేదు, సియాటిల్ డాక్టరు బెల్డింగ్ స్క్రిబ్నర్‌తో కలిపి ఇచ్చారు. న్యాయం. ఎందుకంటే కోల్ఫ్ మిషన్ కొన్నాళ్ళు ఆగి మళ్ళీ లేచే కిడ్నీలకే ఆసరా. శాశ్వతంగా పోయినవాళ్ళకి, ఆ 29 ఏళ్ళ పనిమనిషికి జరిగినట్టు, రక్తనాళాలే అయిపోయేవి. స్క్రిబ్నర్ 1960 మార్చిలో టెఫ్లాన్ గొట్టాన్ని చేతి ధమనికీ సిరకీ మధ్య శాశ్వతంగా అమర్చాడు. మళ్ళీ మళ్ళీ కోయక్కర్లేదు. ఆయన మొదటి రోగి 11 ఏళ్ళు బతికాడు. 1966లో న్యూయార్క్‌లో బ్రెషియా, చిమినో బృందం ఆ గొట్టం కూడా లేకుండా, మణికట్టు దగ్గర ధమనినీ సిరనీ నేరుగా కలిపి కుట్టే పద్ధతి చెప్పింది. అదే ఫిస్టులా. చెయ్యి పెడితే లోపల పిల్లి గుర్రుమన్నట్టు తెలుస్తుంది. రోజూ నేను ముట్టుకుని చూసేది దాన్నే.

కోల్ఫ్ 2009 ఫిబ్రవరి 11న పోయాడు. ఇంకో మూడు రోజులుంటే 98 నిండేవి. మా యూనిట్‌లో ఆయన ఫొటో లేదు. ఆ మామ్మకి మాత్రం పేరు చెప్పాను. "కోలుపు" అంది, రెండుసార్లు.

చదివేవాళ్ళకి నేను అడిగేది ఒకటే. మీ ఇంట్లో ఎవరికైనా క్రియాటినిన్ పెరుగుతోందని డాక్టరు చెప్పి ఉంటే, రేపు ఫిస్టులాకి పనికొచ్చేలా ఒక చెయ్యిని ఇప్పటినుంచే దాచండి. కుడిచేతి వాటం అయితే ఎడమ చెయ్యి. జ్వరమొచ్చి ఊళ్ళో ఆరెంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకున్నా, ల్యాబులో రక్తం ఇచ్చినా రెండో చెయ్యి చాపండి, సూది అరచేతి వెనకవైపు పెట్టమనండి. ఫిస్టులా వేశాక ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, బిగుతు గాజులు వేయకండి, బిందె మోయకండి. ఎవరైనా సూదితో ఆ చెయ్యి పట్టుకుంటే వెనక్కి లాక్కోండి. మర్యాద తక్కువైనా ఫరవాలేదు.